అడుగుకి అంగుళం చొప్పున అంబాసిడర్

మన బరంపురం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ పాత ఆల్బం తెరిచినా ఎక్కడో ఒకచోట ఒక కారు కనబడుతుంది. అయితే పూర్తిగా కనబడదు. పెళ్ళికూతురి భుజం వెనకాల ఒక లైటు, పిల్లల తలల మీదుగా కాస్త టాపు, గోపాల్‌పూర్ సముద్రం దగ్గర తీయించుకున్న ఫొటోలో ఒక తలుపూ, దానికి ఆనుకుని నిలబడ్డ బాబయ్యా. ఆ రోజుల్లో ఫిలిం రీలు ఖరీదు. మనుషుల్ని తీసేవారు గాని పనిగట్టుకుని కారుని ఎవరు తీస్తారు?

అందుచేత కిందటి వేసవిలో మా మనవడు "తాతా, మన కారు ఎలా ఉండేది?" అని అడిగితే చూపించడానికి నా దగ్గర అలాంటి ముక్కలు మూడే ఉన్నాయి. వాడు బెంగుళూరులో పుట్టి పెరిగినవాడు. అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలోనే ఆగిపోయింది కాబట్టి వాడు దాన్ని రోడ్డు మీద చూసింది కూడా తక్కువే. సరే, సెలవులున్నాయి కదా, ఇద్దరం కలిసి దాని నమూనా చేద్దామని కూర్చున్నాం. బజార్లో ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మలు దొరుకుతాయి. కాని అవి అంబాసిడర్లు. మాది మా తాతగారు 1971లో సెకండ్ హ్యాండులో కొన్న కారు. ఆ రెండింటికీ ఉన్న తేడా ఏమిటో ఈసారి మీతో చెప్పాలని ఉంది.

ముందు కొలతల సంగతి. బొమ్మకార్లు సేకరించేవాళ్ళు 1కి 18, 1కి 43 అని లెక్కలు చెబుతూ ఉంటారు. ఆ 43 ఎక్కడిదా అని మీకు అనుమానం రావచ్చు. ఇంగ్లండులో బొమ్మరైళ్ళు అడుగుకి 7 మిల్లీమీటర్ల చొప్పున చేసేవారు. అడుగంటే సుమారు 305 మిల్లీమీటర్లు. దాన్ని ఏడుతో భాగిస్తే నలభై మూడున్నర వస్తుంది. రైలు పక్కన పెట్టే కారు కూడా అదే లెక్కలోకి వచ్చింది. మాకు ఆ బాధ లేకుండా అడుగుకి అంగుళం పెట్టుకున్నాం, అంటే 1కి 12. అంబాసిడర్ పొడవు 14 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు అయిదున్నర అడుగులు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 97 అంగుళాలు. అన్నిటినీ 12తో భాగించే పని మనవడిది. సెలవుల్లో లెక్కలు చేయించావని వాళ్ళమ్మ సంతోషించింది.

తరవాత మా కారు ఏ రకమో తేల్చుకోవాలి. హిందూస్థాన్ మోటార్స్ కంపెనీ 1942లో పుట్టింది. కలకత్తా దగ్గరి ఉత్తరపారా కార్ఖానాలో 1957 నుంచి అంబాసిడర్ చేసింది. ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే దానికి మూలం. చూడ్డానికి అన్నీ ఒకటే అనిపిస్తాయి గాని ముఖంలో తేడా ఉంది. 1962లో వచ్చిన మార్క్ 2కి ముందు జాలీ చిన్న చిన్న గళ్ళుగా ఉంటుంది. 1975లో వచ్చిన మార్క్ 3కి అది అడ్డపట్టీలుగా మారింది. మా చిన్నత్త పెళ్ళి ఫొటోలో ఆవిడ మోచేతి కిందనుంచి నాలుగు గళ్ళు కనబడ్డాయి. మార్క్ 2 అని తేలిపోయింది.

చేసే పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసేది పొణికి కర్రతో. అది మాకు ఇక్కడ దొరకలేదు. ఆస్కా రోడ్డులో తెలిసిన వడ్రంగి మేస్త్రీ మెత్తని బూరుగు చెక్క ఇచ్చాడు. పక్కనుంచి, పైనుంచి, ముందునుంచి కారు ఎలా ఉంటుందో గ్రాఫు కాగితం మీద గీసి, చెక్క దిమ్మకి అంటించి, గీత వెంట కోయించాం. మూలలు గుండ్రంగా గరుకు కాగితంతో అరగదీశాం. సందులకి కొండపల్లివాళ్ళ మక్కే వాడాం. చింతపిక్కల పిండీ రంపప్పొట్టూ కలిపిన ముద్ద అది. నీడన ఆరితే రాయిలా గట్టిపడుతుంది. చక్రాలకి లెక్క ప్రకారం రెండుంపావు అంగుళాలు కావాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మల బండి ఒకటి మా ఇంట్లో విరిగి పడి ఉంటే దాని చక్రాలు సరిపోయాయి. అద్దాలకి పాత ఎక్స్‌రే ఫిలిం. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళలో నానబెట్టి తుడిస్తే తేటగా వస్తుంది. ఆ పని మాత్రం పెద్దవాళ్ళే చెయ్యాలి.

లోపలి భాగం మనవడికి వింతగా తోచింది. ముందు సీటు బల్లలాగా ఒకటే, ముగ్గురు కూర్చోవచ్చు. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. హెడ్‌లైటు దించాలంటే కాలితో మీట నొక్కాలి.

చిక్కు రంగు దగ్గర వచ్చింది. మా అమ్మకి ఇప్పుడు 86 ఏళ్ళు. "బూడిద రంగురా" అంది. విశాఖపట్నం నుంచి మా అప్ప ఫోనులో "కాదు, మీగడ రంగు. నా పెళ్ళికి అందులోనే కదా వెళ్ళాం" అంది. ఫొటోలన్నీ నలుపూ తెలుపూ. కారు 1986లో అమ్మేసినప్పుడు కాగితాలు కూడా దాంతోపాటే పోయాయి. ఇంక అడగవలసిన మనిషి ఒక్కరే మిగిలారు.

ఆయన మా కారు నడిపినాయన. ఒడియావారు, మేమందరం భాయినా అని పిలిచేవాళ్ళం. హింజిలికాటులో కొడుకు దగ్గర ఉంటున్నారు. మా చుట్టరికాలన్నీ ఇచ్ఛాపురం, సోంపేట వైపు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం ఇటూ ఇచ్ఛాపురం అటూ అయ్యాయి గాని పెళ్ళి పిలుపులు ఎక్కడికి పోతాయి? గిరిసోల గేటు దాటించి మమ్మల్ని ఎన్ని పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళారో ఆయనకే తెలియాలి. దారి పొడుగునా మాతో మాట్లాడి మాట్లాడి తెలుగు మాలాగే మాట్లాడేవారు.

రంగు వెయ్యని నమూనా గుడ్డలో చుట్టుకుని నేనూ మనవడూ వెళ్ళాం. ఆయనకి చూపు దాదాపు పోయింది. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని బానెట్టు, టాపు, డిక్కీ అన్నీ వేళ్ళతో తడిమారు. వెనక ఎడమవైపు మడ్‌గార్డు దగ్గర చెయ్యి ఆగింది.

"సొట్ట ఏదీ?" అన్నారు.

ఆ సొట్ట సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. 1974లో ఒక రాత్రి ఇచ్ఛాపురంలో పెళ్ళి చూసుకుని వచ్చి, మా గేటు రాతిస్తంభానికి భాయినా కారు గుద్దేశారని, తాతగారు ఆయన జీతంలో సగం కోసేశారని కథ. మా ఇంట్లో ఎవరి చేతిలో ఏది పగిలినా "భాయినా చేశాడా?" అని నవ్వుకోవడం అలవాటు. యాభై ఏళ్ళుగా అదొక సామెత అయిపోయింది.

మనవడికి ఇదేమీ తెలీదు. "సొట్ట ఎలా పడింది?" అని అడిగాడు. ఆయన కాసేపు ఊరుకుని, "చిన్నబాబూ, ఇప్పుడు చెప్పొచ్చా?" అని నన్ను అడిగారు. ఆ రాత్రి కారు నడిపింది మా నాన్నగారట. కారు ముట్టుకోవద్దని తాతగారి కట్టడి. గిరిసోల దాటాక సరదాపడి స్టీరింగు తీసుకున్నారట. తెల్లారి తాతగారు కేకలు వేస్తుంటే, నాన్నగారు నోరు విప్పేలోపలే భాయినా "నా చేతిలోనే అయింది బాబూ" అనేశారట. కోసిన జీతం నాన్నగారు వారం తిరక్కుండా ఆయన చేతిలో పెట్టారు. "డబ్బు ముట్టింది. మాట మాత్రం పడ్డాను" అని నవ్వారు. కోపంగా అన్నది కాదు. అయినా నాకు మాట రాలేదు.

రంగు సంగతి కూడా ఆయనే తేల్చారు. కొన్నప్పుడు బూడిద రంగు. 1979లో అప్ప పెళ్ళికి ముందు టింకరింగు చేయించి, సొట్ట లాగించి, మీగడ రంగు వేయించారు. అమ్మ చెప్పిందీ నిజమే, అప్ప చెప్పిందీ నిజమే.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసురా. నువ్వు నా ఒళ్ళోనే నిద్రపోతున్నావు. మీ తాతగారు ఉన్నన్నాళ్ళూ చెప్పడానికి లేదు. ఆ తరవాత మీరెవరూ అడగలేదు" అంది. కాసేపాగి, "నన్నొకసారి హింజిలి తీసుకెళ్ళు" అంది. ఆ వారమే తీసుకెళ్ళాను. ఇద్దరూ ఆ రాత్రి ఊసు ఎత్తలేదు. మోకాళ్ళ నొప్పుల గురించి, మనవల చదువుల గురించి మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు భాయినా భార్యకి అమ్మ బరంపురం పట్టుచీర పెట్టింది.

ఇంక మనవడు లెక్క తేల్చాడు. "సొట్ట పెడితే బూడిద రంగే వెయ్యాలి. మీగడ రంగు వేస్తే సొట్ట ఉండకూడదు." ఎంత న్యాయమైన మాట! అప్పకి ఫోను చేసి జరిగింది చెబితే, తన పెళ్ళికారు రంగు వదులుకుని "సొట్టే పెట్టండి" అంది. అసలు సొట్ట అరచెయ్యంత. మా లెక్కలో శనగగింజంత అయింది. గుండ్రటి ఉలితో దాన్ని మనవడే చెక్కాడు. "భాయినా చేశాడా" అనే మాట మా ఇంట్లో ఇప్పుడు వినబడడం లేదు.

పుస్తకాల్లో దొరికే కొలతలతో ఎవరైనా అంబాసిడర్ చెయ్యొచ్చు. మన ఇంటి కారు చెయ్యాలంటే మాత్రం ఇంటివాళ్ళనీ, ఆ కారుతో పనిచేసినవాళ్ళనీ కూర్చోబెట్టి అడగాలి. చేతిలో ఒక వస్తువు ఉంటే పెద్దవాళ్ళు చెప్పే తీరు వేరు. ఊరికే "పాత సంగతులు చెప్పండి" అంటే "ఏమున్నాయి, అంతా మామూలే" అంటారు. "డిక్కీ ఇంత ఎత్తేనా?" అని అడగండి, గంటసేపు చెబుతారు. పక్కన కూర్చున్న పిల్లలకి సొట్ట, మక్కు, బూరుగు లాంటి నాలుగు తెలుగు మాటలు పుస్తకం పట్టకుండానే వస్తాయి.

కారే కానక్కర్లేదు. మీ ఇంట్లో కుట్టుమిషను ఉండవచ్చు, పట్టు మగ్గం ఉండవచ్చు, నాన్నగారు తొక్కిన సైకిలు ఉండవచ్చు. చేసినవాళ్ళు కొలతలతో సహా మాకు రాయండి, ఈ పేజీలో వేసుకుందాం. అయితే చెక్క కొనడానికి వెళ్ళే ముందు, ఎనభై దాటిన మనిషి దగ్గరికి వెళ్ళి రండి. చెక్క ఎప్పుడైనా దొరుకుతుంది.