తవుడు తిన్న కోళ్ళు

కోళ్ళు పెంచేవాని ఖర్చులో నూటికి అరవై డెబ్బై పాళ్ళు మేతకే పోతుంది. మొక్కజొన్న, సోయా కొనలేని చిన్నరైతుకు దిక్కు మిల్లు తవుడు, నూకలు, వేరుశెనగ చెక్క. మన రెడ్ హిల్స్ బియ్యపు మిల్లుల వైపు వెళ్ళినవారికి ఆ తవుడు బస్తాలు కొత్త కాదు.

తవుడంటే మనకు చులకన గదా! జావాలో 1890 ప్రాంతంలో అయిక్‌మన్ అనే డచ్చి డాక్టరు పెంచిన కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. ఆస్పత్రిలో మిగిలిన తెల్లన్నమే వాటి మేత. కొత్తగా వచ్చిన వంటవాడు సర్కారు బియ్యం కోళ్ళకేమిటని మొండికేసి దంపుడు బియ్యం పెట్టించాడు. కోళ్ళు లేచి తిరిగాయి! తేడా అంతా తవుడులోనే ఉంది. 1929లో డాక్టరుగారికి నోబెల్ బహుమానం దక్కింది. వంటవానికేమి దక్కిందో మరి.

అయితే తవుడులో నూనె ఉన్నది. నిలవ ఉంటే చేదెక్కుతుంది. తాజాగా వాడాలి, లేదా నూనె తీసినది కొనాలి. ఊక కలిస్తే వద్దు, కోడికి అరగదు.

చెక్కతో మరీ జాగ్రత్త. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చాయి. బ్రెజిల్ వేరుశెనగ చెక్కలోని బూజు విషమే కారణం. బూజు కంటికి కనబడకపోయినా విషం ఉండవచ్చు. నామక్కల్ పశువైద్య కళాశాలలో మేతను పరీక్షించే ప్రయోగశాల ఉన్నది. బస్తాలో ఒకచోట పిడికెడు తీస్తే చాలదు సుమండీ, నాలుగు చోట్ల తీసి కలిపి పంపాలి.