రోజుకెన్ని పదాలు?

స్టీఫెన్ కింగ్ 'ఆన్ రైటింగ్' (2000)లో తను రోజుకి 2,000 పదాలు రాస్తానన్నాడు. అది చదివిన ఊపులో నేనూ 1,000 అని టార్గెట్ పెట్టేసుకున్నా. నాలుగు రోజులు బానే నడిచింది. ఐదో రోజు రిలీజ్. ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. అంతే, కథ అక్కడే ఆగిపోయింది.

అయినా కింగ్‌కి రాయడమే ఉద్యోగం కదండీ! మనకి సరిపోయేది పందొమ్మిదో శతాబ్దపు ఆంథొనీ ట్రాలప్. పోస్టాఫీసు ఉద్యోగం చేసుకుంటూ, పొద్దున్నే ఐదున్నరకల్లా కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాల చొప్పున రాసేవాడు. పొద్దున ఐదున్నరకి ఏ మేనేజరూ ఫోన్ చెయ్యడు మరి.

పైగా ఇవన్నీ ఇంగ్లీషు లెక్కలు. వాళ్ళ 'ఇన్ ది హౌస్' మూడు పదాలైతే, మన 'ఇంట్లో' ఒక్కటే. అసలు పదాలు లెక్కపెట్టడమంటే కోడ్‌ని లైన్లతో కొలవడం లాంటిదే. చెత్త పేరా కొట్టేసిన రోజు పని చెయ్యనట్టా?

అందుకే నా మట్టుకు ఇప్పుడు 100 పదాలు చాలనుకుంటున్నా. రిలీజ్ రోజైనా క్యాబ్‌లో అయిపోతాయి. ఆ పాత కథ మళ్ళీ తీశా. హీరో ఇంకా బస్టాండులోనే ఉన్నాడు పాపం, కానీ నిన్న బస్సొచ్చింది.