దంత మందిరంలో సాయంత్రం పూజ దాకా ఆగండి

సంపాదకులు గారికి,

సెలవుల్లో పిల్లలతో శ్రీలంక వెళ్లాలనుకునే కుటుంబాల కోసం మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఖర్చుల వివరాలు, వీసా సంగతులు బాగా ఇచ్చారు. నా అభ్యంతరం ఒక్కటే. బౌద్ధాలయాలను తేయాకు తోటలు, జలపాతాల వరసలో కలిపేసి, బుద్ధుడి దంతాన్ని భద్రపరచిన క్యాండీ దంత మందిరానికి ముప్పావుగంట చాలన్నారు. చాలదు. అది చూసి వచ్చేసే కట్టడం కాదు, నిత్యపూజలు జరిగే గుడి.

మేం వెళ్లిన ప్యాకేజీలోనూ ఇదే తంతు. పొద్దున దంబుల్లా గుహలు, మధ్యాహ్నం మసాలా తోట, ఆ తర్వాత రత్నాల దుకాణం. దుకాణంలోనే గంటన్నర పోయింది. మందిరంలో అడుగుపెట్టిన కాసేపటికే బస్సెక్కమని తొందర పెట్టారు. మా కుటుంబం మాత్రం తర్వాత ఆటోలో వస్తామని చెప్పి ఉండిపోయింది.

అక్కడ రోజుకు మూడు పూజలు: తెల్లవారుజామున, తొమ్మిదిన్నర ప్రాంతంలో, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో. పూజవేళకు కింది అంతస్తులో డోళ్లు మొదలవుతాయి. ఆ మోత గుండెల్లో తగులుతుంది. తెల్లబట్టలు కట్టుకున్న జనం తామరలు, కలువలు, దేవగన్నేరు పూలు పట్టుకుని పై అంతస్తులో వరసగా కదులుతారు. గర్భగృహం తలుపు తీసినప్పుడు కనిపించేది దంతం కాదు, దాన్ని భద్రపరచిన స్తూపాకారపు బంగారు కరండం. అదీ క్షణకాలమే. గోత్రనామాలు అడిగేవారుండరు, ప్రసాదం పెట్టేవారుండరు. పువ్వు మన చేత్తో మనమే బల్లమీద ఉంచాలి. ఈ పువ్వు వాడినట్టే ఈ దేహమూ వాడిపోతుందని తలుచుకోవడం అక్కడి పద్ధతి. ఆ మాట చెబితే మా మనవరాలు, "వాడిపోతుందని తెలిసీ ఎందుకు పెడతారు అమ్మమ్మా?" అంది. హోటలుకు చేరేదాకా మా ఇంట్లోవాళ్లమంతా దాని గురించే మాట్లాడుకున్నాం.

గుళ్లంటే పిల్లలకు విసుగని చాలామంది తల్లిదండ్రులు అంటారు. పిల్లలకు విసుగొచ్చేది పరుగులతో. చేతికి ఒక పువ్విచ్చి, దీపంలో నూనె పోయనిచ్చి, ముందురోజు రాత్రే కథ చెప్పి తీసుకెళితే విసుగుండదు. కథలకు కొదవా? కళింగలోని దంతపురం నుంచి హేమమాల అనే రాకుమార్తె దంతధాతువును జడలో దాచుకుని సముద్రం దాటి తెచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మనకు ఇంకా దగ్గరి సంగతి, 1739 నుంచి క్యాండీని ఏలింది మధురై వైపు నుంచి వెళ్లిన, తెలుగు మూలాలున్న నాయక రాజులు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు పుట్టుకతో శైవుడు. అయినా 1753లో సయాం (నేటి థాయిలాండ్) నుంచి భిక్షువులను రప్పించి, లంకలో అంతరించిపోయిన ఉపసంపద అనే పూర్తి భిక్షు దీక్షను మళ్లీ నిలబెట్టాడు. దంబుల్లా గుహాలయాలను బాగుచేయించిందీ ఆయనే. మందిరం ముందున్న అష్టభుజి మంటపం కట్టించిన చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి 1815లో ఇంగ్లీషువాళ్లు గద్దె దించి, వేలూరు కోటలో బందీగా ఉంచారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, ఇక్ష్వాకుల కాలంలో మన నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ఒక విహారముండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో దాని ప్రస్తావన ఉంది. ఇవేవీ తెలియకుండా మన పిల్లలు మందిరం మెట్లు దిగి వచ్చేయడం నాకు బాధ కలిగించింది.

మనం హిందువులం, అక్కడ పూజలో మనకేం పని అనేవారికి ఒక్క మాట. దంత మందిరం చుట్టుపక్కలే విష్ణువుకు, కతరగామ దేవుడిగా కొలిచే కుమారస్వామికి ఆలయాలున్నాయి. బౌద్ధులే వాటిలోనూ మొక్కుతారు. మనం వెళితే ఎవరూ కాదనరు.

అయితే మర్యాద తెలిసి వెళ్లాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, వీలైతే తెల్లవి వేసుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోవడం అక్కడ పెద్ద తప్పు. విగ్రహాన్ని ముద్దుపెట్టుకుంటున్నట్టు ఫొటోలు దిగిన ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులకు 2012లో అక్కడి కోర్టు జైలు శిక్ష వేసి, అమలును నిలిపి ఉంచింది. మన వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి ముందే చెబుతున్నారు?

మీ వ్యాసంలో పున్నమి రోజుల్లో ప్రయాణం పెట్టుకోవద్దని రాశారు. దుకాణాలు మూస్తారు, మద్యం, మాంసం దొరకవు, నిజమే. కానీ ప్రతి పున్నమీ అక్కడ సెలవుదినం కావడానికి కారణమే ఈ గుళ్లు. ఆ రోజు అనురాధపురంలో శ్రీమహాబోధి వృక్షం దగ్గర ఇంటిల్లిపాదీ తెల్లబట్టలతో చెట్టునీడన కూర్చుని శీలం పాటిస్తారు. పిల్లలకు చూపించాల్సింది అదే. పున్నమిని తప్పించుకోవద్దు, దాన్ని చూసుకునే టిక్కెట్లు కొనమని రాయండి.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు పూజల వేళలు, ఆ ఏటి పున్నమి తేదీలు, గుడిలో పాటించాల్సిన నియమాలు ఒక పెట్టెలో ఇవ్వండి. చోటు చాలకపోతే షాపింగ్ పేరా కుదించైనా ఇవ్వమని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి