ఏటి వెంట చూడాల్సిన తీరం



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలోని పాత ఊళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వెలిసినవి కావు. ఏరు సముద్రంలో కలిసేచోట రేవు, దానికి ఎగువన కొండ మీద ఆరామం, ఇంకా పైకి వెళితే రాజధానో పెద్ద గుడో ఉంటుంది. వంశధార మీద ఈ వరస కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సంగమం దగ్గర కళింగపట్నం, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో కుడిగట్టున శాలిహుండం కొండ, బాగా ఎగువన ఎడమగట్టున శ్రీముఖలింగం. చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటి ఒడ్డునే నెల్లిమర్ల, దానికి చేరువలో రామతీర్థం కొండలు. ఉత్తరాన మహేంద్రతనయ బారువ దగ్గర కడలిని చేరుతుంది.

ఇంతటి వరసను యాత్రికులకు ముక్కలు చేసి చూపించడం దశాబ్దాలుగా అలవాటైపోయింది. అరసవల్లి, శ్రీకూర్మం గుళ్ల ఖాతాలో, కళింగపట్నం బీచ్‌ల ఖాతాలో, శాలిహుండం పురావస్తు శాఖ ఖాతాలో పడ్డాయి. భోగాపురం విమానాశ్రయంతో బయటివారి రాక పెరగబోతున్న ఈ సమయంలో పర్యాటక ప్రణాళికను బీచ్‌ల చుట్టూ అల్లడం తప్పు. ఏటి వారీగా, ఊరి వారీగా అల్లాలి. కనీసం ఒక రాత్రి బస ఉండేలా అల్లాలి.

శాలిహుండం ఒక్కటి చాలు, ఈ మాట ఎందుకు అనాల్సి వస్తోందో తెలుస్తుంది. కొండ ఎక్కేకొద్దీ దారికి అటూ ఇటూ స్తూపాల పునాదులు, చైత్యాల గోడలు, విహారాల గదులు కనిపిస్తాయి. క్రీస్తుపూర్వపు శతాబ్దాల నుంచి వెయ్యేళ్లకు పైగా ఇక్కడ బౌద్ధం నిలిచింది. థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడింటి జాడలూ ఈ కొండ మీదే ఉన్నాయి. పైన నిలబడి తూర్పుకు చూస్తే వంశధార ఇసుకమేటల మధ్య పాయలై సముద్రం వైపు సాగడం కంటికి ఆనుతుంది. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఆ చూపుతో అర్థమవుతుంది. రేవుకు వచ్చే ఓడ ఇక్కడికి కనబడుతుంది, రేవులోని సందడి మాత్రం ఇక్కడికి చేరదు. కళింగపట్నం చూడకుండా శాలిహుండం చూసినవారికి సగం కథే దక్కుతుంది. బీచ్‌లో కాసేపు గడిపి వెనుదిరిగినవారికి ఆ సగమూ దక్కదు.

కొండ దగ్గరి ప్రదర్శనశాలలో తార, మారీచి విగ్రహాలున్నాయి. బౌద్ధ శిల్పంలో మారీచి ఉషస్సుకు సంబంధించిన దేవత. ఆమె రథాన్ని లాగేవి పందులు. సూర్యుడి ఏడు గుర్రాలు అరసవల్లి భక్తులందరికీ తెలుసు. ఉదయం అక్కడ సూర్యనారాయణమూర్తిని దర్శించుకున్నవారు మధ్యాహ్నం మారీచి ముందు నిలబడితే, ఈ రెండింటినీ కలిపి చెప్పే మనిషి పక్కన ఉంటే, ఆ రోజు వారికి జీవితాంతం గుర్తుంటుంది. చెప్పేవారు లేకపోతే అది మరో నల్లరాతి బొమ్మ, అంతే.

ఈ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా, సవర భాషను అధ్యయనం చేసిన పండితుడిగా ఆయన అందరికీ తెలుసు. ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగానికి దగ్గరలో, వంశధార తీరానే ఉంది. ముఖలింగం గుడి శాసనాలను ఆయన ఎవరి సాయమూ లేకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నారు. ఆ ఏటి ఎగువన పుట్టి, దిగువన శాలిహుండాన్ని లోకానికి చూపిన మనిషి జాడ ఇప్పటి ఏ యాత్రామార్గంలోనూ లేదు. ఆయన జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా రాష్ట్రమంతా జరుపుకుంటారు. ఆ రోజు జిల్లా బడిపిల్లలను పర్వతాలపేట నుంచి శాలిహుండం దాకా తీసుకెళ్లడం దండలకంటే, ఉపన్యాసాలకంటే విలువైన పని.

శ్రీముఖలింగం తూర్పు గంగుల తొలి రాజధాని కళింగనగరం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ కళింగ శైలిలో నిలిచి ఉన్నాయి. పూరీ జగన్నాథాలయం కట్టించిన అనంతవర్మ చోడగంగు 12వ శతాబ్దంలో రాజధానిని కటకానికి మార్చేదాకా ఈ పల్లె ఒక రాజ్యానికి కేంద్రం. మహాశివరాత్రికి చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి జనం ఇప్పటికీ వస్తారు. భువనేశ్వర్ ఆలయాలు చూసి మురిసే తెలుగు యాత్రికుల్లో ఎందరు ముందు ఇక్కడ ఆగారన్నది ఆలోచించాల్సిన విషయం.

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని రామతీర్థంలోనూ ఇదే పరిస్థితి. రాములవారి దర్శనం చేసుకున్నవారు అక్కడికక్కడే తిరిగి వెళ్తారు. గురుభక్తులకొండ మీద సన్నటి చదునులో బౌద్ధ విహార శిథిలాలున్నాయి, పక్కనే సహజమైన నీటి గుండం ఉంది. దుర్గకొండ మీద జైన శిల్పాలున్నాయి. మూడు మతాలు ఒకే ఊరి కొండలను పంచుకున్న చోటు ఇది.

దక్షిణ యూరప్‌లోని పాత రేవులకు, కొండ ఊళ్లకు వెళ్లివచ్చిన యాత్రికుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఇటలీలో సింక్వె టెర్రె పేరుతో ఐదు ఊళ్లున్నాయి. అన్నింటినీ కలుపుతూ ఒక రైలు, కొండ అంచున కాలిబాటలు. కోర్నీలియా స్టేషన్ కింద, ఊరు పైన. మధ్య దాదాపు 380 మెట్లు. ఆ శ్రమ యాత్రలో భాగమేనని వెళ్లినవారు అంటారు. ఐదు ఊళ్లూ ఒకే పేరుతో ప్రపంచానికి తెలియడం, 1997లో యునెస్కో జాబితాలోకి కలిసి ఎక్కడం యాదృచ్ఛికం కాదు. బాటలు నడిచేవారి దగ్గర రుసుము కూడా తీసుకుంటారు. అంతమాత్రాన ఆ ఊళ్లకు ఇబ్బందులు లేవని కాదు. కొండచరియలు పడి 2012లో మూతపడిన ప్రసిద్ధమైన బాట మళ్లీ తెరుచుకోవడానికి 2024 దాకా పట్టింది.

అదే తీరాల్లో చేదు అనుభవమూ ఉంది. ఓడ దిగి నాలుగు గంటలు తిరిగి వెళ్లిపోయే జనంతో క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ సందులు కిక్కిరిసి, 2019 నుంచి ఓడల రాకకు పరిమితి పెట్టాల్సి వచ్చింది. వెనిస్ 2024 ఏప్రిల్‌లో, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవారి మీద రద్దీ రోజుల్లో 5 యూరోల రుసుము మొదలుపెట్టింది. అక్కడ రాత్రి ఉన్నవారు తెల్లవారుజామున ఊరును చూడగలిగారు; పగటిపూట వచ్చినవారు ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు. ఇక్కడ ఇంకా రద్దీ రాలేదు. సరైన పద్ధతిని ముందే వేసుకునే అవకాశం ఇప్పుడే ఉంది.

పెద్ద రిసార్టులు వస్తే ఉపాధి వస్తుందన్న వాదన తీసిపారేయదగ్గది కాదు. పని కోసం ఈ తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస పోతున్నప్పుడు ఉపాధి మాట ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఈ తీరం తుఫాన్ల తీరం. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. 2021 సెప్టెంబర్‌లో గులాబ్ కళింగపట్నం సమీపంలోనే తీరం దాటింది. అలల ఒడ్డున కోట్లు పోసి కట్టే భవనం కంటే, కాస్త లోపలి ఊళ్లలోని ఇళ్లలో రెండేసి గదుల బస భద్రమైనది. వచ్చే డబ్బూ ఊళ్లోనే తిరుగుతుంది. వేటకు వెళ్లివచ్చిన ఇంట్లో వండిన చేపల పులుసు, మందస కోవా, పలాస జీడిపప్పు ఇవన్నీ ఆ బసతోపాటే అమ్ముడవుతాయి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు తీసే పనిని అక్కడికి వెళ్లి చూసినవాళ్లు ఒక చీరైనా కొనకుండా రారు.

వంశధారతో మొదలుపెట్టడం సులువు. శ్రీకాకుళం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం మీదుగా కళింగపట్నం వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే ఆర్టీసీ బస్సు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకైనా ప్రతి శని, ఆదివారాలు నడపాలి. మరుసటి రోజు శ్రీముఖలింగానికి అదే టికెట్ చెల్లాలి. కొండ కింద తాగునీరు, మరుగుదొడ్లు, నీడ తప్పనిసరి. బోర్డుల మీద తెలుగు ముందుండాలి, పక్కన ఒడియా కూడా ఉండాలి, ఎందుకంటే ఈ గుళ్లకు సరిహద్దు అవతలి నుంచి వచ్చేవారు తక్కువేమీ కాదు. గార, జలుమూరు మండలాల్లో డిగ్రీ చదివిన యువతకు ఒక వేసవి శిక్షణ ఇచ్చి గైడ్లుగా గుర్తింపు కార్డులు ఇవ్వవచ్చు. ఈ రెండు రోజుల యాత్ర నిలదొక్కుకున్నాక చంపావతికి, ఆపైన మహేంద్రతనయకు ఇదే నమూనాను విస్తరించవచ్చు.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం