పైలట్ల సంఘం పగ్గాలు ఎవరి చేతికి?

విమానం నడిపేవాళ్ల సంఘానికి అధ్యక్షులుగా ఎవరు ఎన్నికయితే మనకేమిటి? అంగన్‌వాడీ కార్యకర్తల గౌరవ వేతనం కోసం, వెయ్యి బీడీలకిచ్చే కూలి పెంపు కోసం తిరిగే మనం, నెలకు లక్షల్లో జీతం అందుకునేవాళ్ల సంఘం గురించి ఎందుకు ఆలోచించాలి? ఈ సంచికకు ఈ విషయం ఎత్తుకున్నానని తెలిసి మిత్రులు అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. స్త్రీలు సంఘ నాయకత్వంలోకి రాకపోవడానికి మన నాయకులు సాధారణంగా చెప్పే కారణాలు మూడు: చదువు లేదు, బయట తిరిగే ధైర్యం లేదు, పనిలో నైపుణ్యం లేదు. పైలట్ ఉద్యోగంలో ఉన్న స్త్రీ విషయంలో ఈ మూడూ చెల్లవు. అక్కడ ఒకే హోదాకు, ఒకే సర్వీసుకు ఆడా మగా తేడా లేకుండా ఒకే జీతం. అయినా నాయకత్వం మగవాళ్ల చేతుల్లోనే ఉందంటే, అడ్డు స్త్రీలలో కాక సంఘం నడిచే తీరులో ఉందేమో చూడాలి. అలా చూడటానికి ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ నాకు కనపడలేదు.

ప్రపంచంలో అతి పెద్ద పైలట్ల సంఘం అమెరికా, కెనడాలలో పనిచేసే ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. 1931లో డేవిడ్ బెంకీ నాయకత్వాన ఏర్పడింది. ఇప్పుడు దాదాపు 40 విమాన సంస్థలలో దాదాపు 80 వేల మంది పైలట్లు దీని సభ్యులు. బెంకీ మొదలుకొని 2023 జనవరిలో బాధ్యతలు తీసుకున్న జేసన్ అంబ్రోసీ వరకు ఆ సంఘానికి పన్నెండు మంది అధ్యక్షులయ్యారు. పన్నెండు మందీ మగవాళ్లే.

ఈ లెక్క వెనక ఒక చరిత్ర ఉంది. 1934 చివర్లో హెలెన్ రిచీ అనే పైలట్‌ను సెంట్రల్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగంలోకి తీసుకుంది. అమెరికాలో క్రమబద్ధంగా ప్రయాణికులను చేరవేసే విమాన సంస్థలో పైలట్‌గా చేరిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి సంఘం వయసు మూడేళ్లు. మగవాళ్ల సంఘంగానే పుట్టిన ఆ సంఘం ఆమెకు సభ్యత్వం నిరాకరించింది. వాతావరణం బాగా లేనప్పుడు ఆమె చేత విమానం నడిపించకూడదని ప్రభుత్వ శాఖ నుంచి కూడా ఒత్తిడి వచ్చింది. ఉద్యోగం ఉందన్న మాటే గానీ ఆమెకు నడపడానికి విమానం ఇవ్వడం తగ్గిపోయింది. 1935లో ఆమె రాజీనామా చేసింది. ఇక్కడ ఆమెను తీసుకున్నది యాజమాన్యం, తలుపు మూసింది సంఘం. కార్మిక సంఘమంటే ఎప్పుడూ బలహీనుల పక్షమే అని నమ్మే మనలాంటివాళ్లం ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఆ తర్వాత 38 ఏళ్లకు, 1973 జనవరిలో, ఎమిలీ హొవెల్ వార్నర్ ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరింది. ఆమె అప్పటికే విమానం నడపడం నేర్పే శిక్షకురాలు. ఆమె దగ్గర నేర్చుకున్న మగవాళ్లు ఆమె కంటే ముందే విమాన సంస్థల్లో ఉద్యోగాలు సంపాదించారు. 1974లో ఆమె సంఘంలో మొదటి మహిళా సభ్యురాలయింది. అంటే పుట్టిన తర్వాత 43 ఏళ్ల పాటు ఆ సంఘంలో ఒక్క స్త్రీ కూడా పైలట్ హోదాలో సభ్యురాలిగా లేదు.

విమానంలోని స్త్రీలకు మాత్రం ఆ సంఘంతో అంతకు ముందే సంబంధం ఉంది. యునైటెడ్ సంస్థలో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసిన ఏడా బ్రౌన్ 1945లో తోటివాళ్లతో కలిసి సొంత సంఘం పెట్టింది. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాలనే నిబంధన వల్ల ఆమె 1947లో ఉద్యోగాన్నీ, సంఘ నాయకత్వాన్నీ రెండింటినీ వదులుకోవలసి వచ్చింది. నాయకురాలిని సంఘం నుంచి తొలగించడానికి యాజమాన్యానికి ఆమె పెళ్లి చాలింది. తర్వాత ఎయిర్ హోస్టెస్‌లు పైలట్ల సంఘానికి అనుబంధంగా ఉండిపోయి, 1973లో బయటికి వచ్చి తమ సంఘాన్ని తాము నడుపుకోవడం మొదలుపెట్టారు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి కదా అనవచ్చు. తెరిచే ఉన్నాయి. మరి ఆ తలుపు దాటి కుర్చీ దాకా నడిచే దారి ఎలా ఉందో చూద్దాం.

పైలట్ ఉద్యోగంలో అన్నిటికీ మూలం సీనియారిటీ సంఖ్య. చేరిన తేదీని బట్టి ఆ సంఖ్య వస్తుంది. ఏ విమానం నడపాలి, ఏ ఊరి నుంచి బయలుదేరాలి, ఎప్పుడు కెప్టెన్ కావాలి, ఏ పండక్కి సెలవు దొరుకుతుంది అనేవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఈ పద్ధతి కోసం సంఘాలు గట్టిగా నిలబడ్డాయి, నిలబడటం మంచిదే. పై అధికారి ఇష్టాయిష్టాలకు తావు లేకుండా చేయడం వల్ల స్త్రీలకూ రక్షణ దొరికింది. అయితే ఆలస్యంగా రానిచ్చిన వాళ్ల సంఖ్య ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అడుగున ఉన్నవాళ్లకు దక్కేవి రాత్రి డ్యూటీలు, పండగ డ్యూటీలు, ఫోన్ రాగానే బయలుదేరాల్సిన స్టాండ్‌బై డ్యూటీలు. నెలలో ఏ రోజు ఇంట్లో ఉంటారో ముందుగా తెలియని మనిషి సంఘం కమిటీలో ఎలా పనిచేస్తుంది? తన డ్యూటీ తాను ఎంచుకోగలిగిన సీనియర్ మాత్రమే సమావేశాలకు వస్తాడు, బేరసారాల కమిటీలో కూర్చుంటాడు, పదిమందికీ తెలుస్తాడు. మిగిలిన సమయంలో పిల్లలనూ, ఇంటినీ చూసుకునే మనిషి అతనికి ఇంట్లో ఉంటుంది. ఆమెకు ఇంట్లో అలాంటి మనిషి ఉండదు.

ఎన్నిక విధానం కూడా దీనికి తోడవుతుంది. ఆ సంఘంలో అధ్యక్షుణ్ణి సభ్యులు నేరుగా ఎన్నుకోరు. ఒక్కో విమాన కేంద్రంలోని పైలట్లు తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. అన్ని సంస్థల ప్రతినిధులూ కలిసిన పాలకమండలి నాలుగేళ్లకొకసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. మెట్టు తర్వాత మెట్టు ఎక్కి రావాలి. ప్రతి మెట్టు దగ్గరా ఖాళీ సమయం, పరిచయాలు, నిలకడైన సర్వీసు కావాలి. సభ్యుల్లో కొద్దిమందే ఉన్న స్త్రీలు పై మెట్టుకు వచ్చేసరికి కనిపించకుండా పోతారు. ఏ నిబంధనలోనూ స్త్రీలు వద్దని రాసి ఉండదు. ఎవరినీ ఎవరూ అవమానించనక్కర లేదు. పద్ధతి తన పని తాను చేసుకుపోతుంది.

దీని ఫలితం బేరసారాల బల్ల దగ్గర కనిపిస్తుంది. జీతం, పింఛను, విశ్రాంతి అందరి కోరికలుగా లెక్కకొస్తాయి. గర్భం, కాన్పు, పాలివ్వడం కొందరి సొంత విషయాలుగా మిగిలిపోతాయి. వార్నర్ పనిచేసిన ఫ్రాంటియర్ 1986లో మూతపడింది. 1994లో అదే పేరుతో విమానాలు నడపడం మొదలుపెట్టిన వేరే సంస్థలో, గర్భిణులకూ బాలింతలకూ తగిన ఏర్పాట్లు లేవని మహిళా పైలట్లు 2016లో సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 2019లో కోర్టుకు వెళ్లారు. 2023 డిసెంబరులో రాజీ కుదిరింది. విమానం స్థిరంగా సాగుతున్న సమయంలో పాలు పిండుకోవడానికి పైలట్లకు అప్పుడు అనుమతి దొరికింది. ఈలోగా, 2022 చివర్లో పాలిచ్చే తల్లుల కోసం అమెరికా చేసిన చట్టం విమాన సిబ్బందిని మినహాయించింది. కొద్దిమంది స్త్రీలు తమ పేర్లు బయటపెట్టుకుని ఏడేళ్లు తిరిగితే వచ్చింది ఆ అనుమతి. ఇలాంటి కోరికను మొదటి రోజే అందరి కోరికల జాబితాలో రాసే నాయకత్వం ఉంటే అన్నేళ్లు ఎందుకు పడుతుంది?

ఇక మన దేశం సంగతి. ఇక్కడ మనం గర్వపడే విషయాలున్నాయి. 1940లలో ప్రేమ్ మాథుర్‌ను చాలా సంస్థలు కాదంటే, పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్. 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. 1985లో సౌదామిని దేశ్‌ముఖ్, నివేదితా భాసిన్ కలకత్తా నుంచి సిల్చార్‌కు పూర్తిగా స్త్రీలే సిబ్బందిగా ఉన్న విమానం నడిపారు. ప్రపంచంలో పైలట్లలో స్త్రీలు దాదాపు 5 శాతమైతే మన దేశంలో దాదాపు 15 శాతమని మన ప్రభుత్వం చెబుతూ వస్తోంది. సంఖ్యలో మనం ముందున్నాం. అయితే సంఖ్య దానంతటది మాట చెల్లుబాటు కాదని మన విమానాల చరిత్రే చెబుతుంది.

ఎయిర్ హోస్టెస్‌ల సంగతి చూడండి. వాళ్లు సంఖ్యలో తక్కువేమీ కాదు. మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నిబంధనను సుప్రీంకోర్టు 1981లో నర్గీస్ మీర్జా కేసులో కొట్టేసింది. 2003లో యశస్విని మర్చంట్ కేసులో మాత్రం మగవాళ్లు 58 ఏళ్ల దాకా ఎగురుతుంటే స్త్రీలను 50కే విమానం దించడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ కేసులో హైకోర్టులో గెలిచిన స్త్రీలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టుకెక్కింది కేబిన్ క్రూ అసోసియేషన్, అంటే ఉద్యోగుల సంఘమే. సంఘం యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందాలు స్త్రీల హక్కుకు అడ్డుగా నిలిచాయి. ఆ ఒప్పందాల మీద ఎవరు సంతకం పెట్టారు, స్త్రీల తరఫున ఎవరిని అడిగి పెట్టారు అన్నదే నాయకత్వం ప్రశ్న.

పైలట్ల ముందున్న ప్రశ్న ఇప్పుడు అలసట. పైలట్లకు వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలకు పెంచి, రాత్రి డ్యూటీలు తగ్గిస్తూ 2024 జనవరిలో నిబంధనలు మార్చారు. అవి అమలు కావడానికి పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడవలసి వచ్చింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయినప్పుడు రాత్రి డ్యూటీల నిబంధనలలో ఆ సంస్థకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. గట్టి నాయకత్వం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. 48 గంటలు ఇంటికి పంపితే విశ్రాంతి దొరికినట్టేనా అని అడిగేవాళ్లు ఆ నాయకత్వంలో ఉన్నారా అన్నది నా ప్రశ్న. ఇంటికి రాగానే రెండో డ్యూటీ ఎక్కే మనిషి అనుభవం లేకుండా అలసట గురించి చర్చ పూర్తి కాదు.

స్త్రీ నాయకురాలైతే చాలు, అన్నీ చక్కబడతాయని నేను అనడం లేదు. యునైటెడ్ పైలట్లకు 2010లో నాయకత్వం వహించింది వెండీ మోర్స్. ఎయిర్ కెనడా పైలట్లకు 2024లో నాలుగేళ్లలో దాదాపు 42 శాతం జీతం పెంపు సాధించిన బృందానికి నాయకురాలు షార్లీన్ హ్యూడీ. ఆమె అప్పటికి కెప్టెన్ కూడా కాదు, ఫస్ట్ ఆఫీసర్. స్త్రీలు అందరి తరఫునా బేరం చేయలేరనే మాటకు, సీనియర్లే నాయకులు కావాలనే మాటకు ఇది జవాబు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌కు చెందిన డాక్టర్ హేమలత అంగన్‌వాడీ ఉద్యమం నుంచి ఎదిగి 2016లో సిఐటియు అఖిల భారత అధ్యక్షురాలయ్యారు. ఎఐటియుసి ప్రధాన కార్యదర్శిగా 2017లో అమర్‌జిత్ కౌర్ వచ్చారు. వీళ్లు ఒంటరిగా మిగలకుండా, వెనక ఇంకా పదిమంది వచ్చే దారి వేయడమే అసలు పని.

ఆ దారి లేనప్పుడు హక్కు దయాదాక్షిణ్యమవుతుంది. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. సమ్మె ముగిశాక, డిసెంబరులో, మహిళా ఉద్యోగులకు రాత్రి 8 గంటల తర్వాత డ్యూటీ ఉండదని ముఖ్యమంత్రి ఒక సమావేశంలో ప్రకటించారు. స్త్రీలకు ఊరటే. కానీ ఒప్పందంలో రాసుకున్న హక్కుకూ, పైనుంచి వచ్చిన ప్రకటనకూ తేడా ఉంది. ప్రకటన చేసినవారు దాన్ని మరిచిపోవచ్చు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఫిర్యాదుల పరిష్కార కమిటీలో స్త్రీలకు వారి నిష్పత్తికి తగ్గకుండా స్థానం ఇవ్వాలంటుంది. అదే కోడ్ 51 శాతం మద్దతున్న సంఘం ఉంటే దానికే యాజమాన్యంతో సంప్రదింపులు జరిపే అధికారం ఇస్తుంది. ఆ సంఘం నాయకత్వంలో స్త్రీలు ఉండాలన్న షరతు మాత్రం లేదు. ఫిర్యాదు చేసుకునే చోట చోటు దొరికింది, ఒప్పందం రాసే చోట దొరకలేదు. ఇక ముందు సంఘం నాయకుల బలం పెరుగుతుంది కాబట్టి వాళ్లను ఎన్నుకునే పద్ధతి మీద మన పట్టింపు కూడా పెరగాలి.

కాబట్టి పైలట్ల సంఘమైనా, ఆర్టీసీ సంఘమైనా, ఆశా కార్యకర్తల సంఘమైనా, ఎన్నికలప్పుడు అభ్యర్థులను సూటిగా అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బేరసారాల కమిటీలో స్త్రీలు ఎంతమంది? సమావేశాలు ఏ వేళకు, ఎక్కడ పెడతారు, చంటిపిల్లల తల్లులు రాగలరా? సంఘం పనికి వెచ్చించిన రోజుకు జీతం నష్టం ఎవరు భరిస్తారు? ప్రసూతి సెలవులో ఉన్న సభ్యురాలికి ఓటు వేసే వీలు, పోటీ చేసే వీలు ఉన్నాయా? సంతకం పెట్టబోయే ఒప్పందాన్ని స్త్రీలతో విడిగా చర్చిస్తారా? ఒకే మనిషి ఎన్నేళ్లు పదవిలో ఉండవచ్చు?

ఈ ప్రశ్నలు సంఘాన్ని చీలుస్తాయనే ఆరోపణ వస్తుంది. 1935లో హెలెన్ రిచీని బయట ఉంచినప్పుడు సంఘం ఐక్యంగానే ఉంది, ఆమె ఒక్కతే పోయింది. అలాంటి ఐక్యత మనకు వద్దు. మీరు పనిచేస్తున్న సంఘాల నిబంధనావళి ఒకసారి తెరిచి, పై ప్రశ్నలకు అందులో ఏ జవాబు ఉందో చూసి మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ జవాబుల మీద చర్చ పెడదాం.