రహస్యానికి గడువుండాలి

ఇద్దరు దేశాధినేతలు సమావేశమైతే మరునాడు పత్రికల్లో కరచాలనం ఫొటో వస్తుంది. చర్చలు స్నేహపూర్వకంగా సాగాయన్న ప్రకటన వెలువడుతుంది. లోపల ఎవరు ఏమి అడిగారు, ఎవరు దేనికి ఒప్పుకున్నారు అన్నది మాత్రం ప్రజలకు తెలియదు. ఇటువంటి సమావేశాల రికార్డులను ప్రభుత్వాలు దాచిపెట్టడం ఎంతవరకు సమంజసం? ఆ గదుల్లో జరిగిన నిర్ణయాల భారం మోసేది సామాన్యులే కనుక ఈ ప్రశ్నను దౌత్యవేత్తలకే వదిలేయలేము.

1956 నాటి సూయజ్ ఉదంతం ఇందుకు గొప్ప పాఠం. ఆ ఏడాది జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశారు. అక్టోబర్ 22 నుంచి 24 వరకు పారిస్ సమీపంలోని సెవ్ర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు రహస్యంగా కలుసుకున్నారు. ముందుగా ఇజ్రాయెల్ ఈజిప్టుపై దాడి చేయాలి. ఆ తరువాత బ్రిటన్, ఫ్రాన్స్ తగవు తీర్చే పెద్దమనుషుల్లా వచ్చి, ఇరుపక్షాలూ కాలువకు దూరంగా జరగాలని హెచ్చరించాలి. ఈజిప్టు కాదంటే సేనలను దించాలి. ఇదీ వారి ఒప్పందం. అక్టోబర్ 29న దాడి, 30న హెచ్చరిక, 31న బాంబులు. అంతా అనుకున్నట్టే జరిగింది.

ఈ ఒప్పందాన్ని కాగితంపై పెట్టారని తెలిసి బ్రిటన్ ప్రధాని ఈడెన్ కలవరపడ్డారు. ప్రతులను నాశనం చేయించాలని అధికారులను తిరిగి పారిస్ పంపించారు. బ్రిటన్ ప్రతి నామరూపాలు లేకుండా పోయింది. కాని ఇజ్రాయెల్ ప్రతినిధులు తమ ప్రతితో అప్పటికే వెళ్ళిపోయారు. డిసెంబర్ 20న ఈడెన్ పార్లమెంటులో నిలబడి, ఇజ్రాయెల్ దాడి చేస్తుందని తమకు ముందుగా తెలియదని చెప్పారు. తరువాతి నెలలోనే ఆయన పదవి వదిలారు. దాచిపెట్టిన ఒప్పందపు ప్రతి 1996లో, అంటే 40 ఏళ్ళకు లోకం ఎదుటకు వచ్చింది. ఆ బాంబుల కింద ఆప్తులను పోగొట్టుకున్న ఈజిప్టు కుటుంబాలకు ఆ ఆలస్యపు సత్యం ఏ న్యాయం చేయగలదు?

అయితే దౌత్యంలో రహస్యమే ఉండకూడదని మేము అనడం లేదు. మక్కా ప్రస్థానానికి ముందు దైవప్రవక్త (స) తమ ప్రయాణ లక్ష్యాన్ని గోప్యంగా ఉంచారు. రక్తపాతం తప్పించడానికి అది అవసరమయింది. కాని ఒప్పందం కుదిరినప్పుడు ఆయన పద్ధతి వేరు. క్రీ.శ. 628లో హుదైబియా వద్ద ఖురైషీయులతో సంధి జరిగినప్పుడు షరతులను హజ్రత్ అలీ (రజి) చేత రాయించారు, సాక్షులను ఉంచారు. ఆ షరతులు సహచరులకు మింగుడు పడలేదు. హజ్రత్ ఉమర్ (రజి) నేరుగా వచ్చి ప్రశ్నించారు. ఆ ప్రశ్నను ద్రోహంగా ఎవరూ భావించలేదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడే రాసుకోవాలని, సాక్ష్యాన్ని దాచరాదని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తుంటే, జాతుల తలరాతను మార్చే ఒప్పందాల సంగతి వేరే చెప్పాలా? అధికారం ఒక అమానత్. అమానత్‌కు లెక్క అప్పజెప్పక తప్పదు.

మన దేశం సంగతి చూద్దాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాన్ని ఏ పౌరుడైనా ప్రశ్నించవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కాని ఎనిమిదో సెక్షన్ విదేశాలతో సంబంధాలను దెబ్బతీసే సమాచారాన్ని మినహాయించింది. 20 ఏళ్ళు దాటిన సంఘటనల సమాచారం ఇవ్వాలన్న నియమం కూడా ఈ మినహాయింపును తాకదు. దాచడం కంటే వెల్లడించడంలోనే ప్రజాప్రయోజనం ఎక్కువని తేలితే సమాచారం ఇవ్వవచ్చునన్న వెసులుబాటు ఉన్నా, ఆ తూకం వేయవలసింది మొదట అధికారులే.

దాచిన కాగితం ఎంత బరువైనదో తెలుగు ముస్లిములకు వేరే చెప్పనవసరం లేదు. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాద్ సంస్థానంలో పర్యటించిన పండిత్ సుందర్‌లాల్ బృందం నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. 2013 నాటికి గాని అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూడడానికి వీలు కాలేదు. అది విదేశీ వ్యవహారం కాకపోయినా, 65 ఏళ్ళు మూసి ఉంచిన ఫలితం ఒక్కటే. సాక్షులు కన్నుమూశారు, వదంతులు మిగిలాయి. నిజం లేని చోట ద్వేషం సులువుగా మొలకెత్తుతుంది.

అందుచేత మేము కోరేది స్వల్పమే. ప్రతి సమావేశానికి రాతపూర్వకమైన రికార్డు ఉండాలి. దానిని నాశనం చేసే అధికారం ఎవరికీ ఉండకూడదు. రహస్యానికి ఒక గడువుండాలి. ఆ గడువును పొడిగించాలంటే, ప్రభుత్వంతో సంబంధం లేని న్యాయమూర్తి ముందు కారణం చూపాలి. ప్రశ్నించవలసిన బాధ్యత మనది. ఈడెన్ తన ప్రతిని మాయం చేయగలిగారు గాని సత్యాన్ని చేయలేకపోయారు. ఏ రికార్డూ చెరిగిపోని తీర్పుదినం ఒకటుందని నమ్మేవారు, పాలకులైనా పౌరులైనా, ఈ లోకంలోని లెక్కలకు భయపడవలసిన పని లేదు.