ఈతకొలను ఎవరికి?

"తాగే నీళ్ళే రోజు విడిచి రోజు వస్తున్నాయి, మీకు స్విమ్మింగ్ పూల్ కావాల్సొచ్చిందా అమ్మా?" సంతకం కోసం కాగితం చాపితే మా వీధి పెద్దాయన ఒకరు అన్న మాట ఇది. చివరికి పెట్టారు లెండి. కానీ అదే ప్రశ్న గడపగడపకీ ఎదురవుతోంది కాబట్టి జవాబు ఇక్కడే రాసేస్తున్నాను.

మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఊరి మధ్యలోంచి కాలువ పోతుంది. మా ఆయన, బావగారు, మరిది ముగ్గురూ అరటిబోదె పట్టుకుని ఆ కాలువలోనే ఈత నేర్చుకున్నారు. మా ఆడపడుచు కూడా వాళ్ళతో పాటు దిగేదట, తొమ్మిదో ఏడు దాకా. ఆ తర్వాత "పెద్దదానివవుతున్నావు, ఒడ్డునే ఉండు" అన్నారు. ఒడ్డునే ఉండిపోయింది. ఆ రేవులో తరాల తరబడి బట్టలుతికింది, బిందెలు ముంచింది, కార్తీక దీపాలు వదిలింది ఆడవాళ్ళే. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మనం మళ్ళీ గొలుసు పట్టుకుని, ముక్కు మూసుకుని మూడు మునకలు వేసి వస్తాం. నీళ్ళతో మన స్నేహం అంతవరకే!

ఇప్పుడు మగపిల్లలకీ ఆ కాలువ లేదు. సగం గుర్రపుడెక్క, సగం మురుగు. అసలే వేసవి సెలవుల్లో కాలువలు కట్టేస్తారు. ఎండ మండిపోతుంటే పిల్లలు ఊరుకుంటారా? సైకిళ్ళేసుకుని గోదావరికి పోతారు. అక్కడ ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మోకాలి లోతనుకున్న చోట మనిషి మునిగిపోతాడు. ఏటా మే నెలలో పేపరు తెరిస్తే ఈ వార్తే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో దేశం మొత్తం మీద నీట మునిగి పోతున్నవాళ్ళు ఏడాదికి 30,000కు పైనే. బడి పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. మన బడుల్లో నేర్పాలంటే ముందు నీళ్ళేవి?

ఖర్చు మాటకొద్దాం. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతు అనుకుంటే దాదాపు నాలుగు లక్షల లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనభై. తక్కువేం కాదు. అయితే రోజూ పారబోసి నింపేది కాదు, ఆ నీళ్ళనే వడకట్టి మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. అసలు భారం కట్టడంలో కన్నా నడపడంలో ఉంది: మోటార్ల కరెంటు, క్లోరిన్, కాపలా ఉండే ఈతగాళ్ళ జీతాలు. రిబ్బను కత్తిరించిన రెండేళ్ళకి పాచిపట్టిన గుంటగా మారితే మాకొద్దు. అందుకే నిర్వహణకి ఏటా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే రాసివ్వమని అర్జీలో అడిగాం.

ఇంకో గొడవ ఉంది, నాకు అసలు కోపం దాని మీదే. మొన్న చూపించిన నమూనా కాగితంలో "మహిళలకు ప్రత్యేక సమయం" అని ఉంది. సంతోషించి చదివితే ఉదయం పదకొండు నుంచి ఒంటి గంట! పొయ్యి మీద అన్నం, నెత్తి మీద ఎండ. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు ఆఫీసులో, ఆడపిల్లలు బడిలో ఉండే వేళ. ఆ రెండు గంటలూ ఎవరూ రారు. ఆర్నెల్లకి "ఆడవాళ్ళకి ఆసక్తి లేదు" అని రాసి, అదీ తీసేస్తారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర కావాలి మాకు. నేర్పేది ఆడమనిషి కావాలి. గడియ సరిగ్గా పడే గదులు, నీళ్ళొచ్చే మరుగుదొడ్లు కావాలి. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులతో వచ్చినా వద్దనకూడదు. ఇవి లేకుండా కడితే అది కాలువకి టైల్స్ అతికించినట్టే, మళ్ళీ మనం ఒడ్డునే.

"ఈ వయసులో మీకు ఈతలేమిటి?" అనేవాళ్ళకి సామర్లకోట గోలి శ్యామల గారి పేరు చెబుతున్నాను. 2021లో పాక్ జలసంధి ఈదారు. 2025 జనవరి తొలివారంలో విశాఖ నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్ల సముద్రపు ఈత ముగించారు, 52 ఏళ్ళ వయసులో. మనకంత అక్కర్లేదు. పిల్లాడు కాలుజారి పడితే ఒడ్డున నిలబడి కేకలు పెట్టకుండా ఉండేంత వస్తే చాలు నాకు.

వచ్చే సోమవారం ఆరుగురం కలిసి కలెక్టరేటుకు వెళుతున్నాం. మీ ఊళ్ళో మునిసిపల్ ఈతకొలను ఉంటే ఆడవాళ్ళకి ఏ వేళ ఇచ్చారో, నెలకి ఎంత తీసుకుంటున్నారో చెప్పండి. అర్జీకి జతచేస్తాం.